ఒళ్ళో పూలబుట్ట

మొన్న మధ్యాహ్నం అన్నం తిని, చెయ్యి కడుక్కొని వచ్చి కూర్చునేసరికి టీవీలో ఆ సినిమా వస్తోంది. దాని పేరు చెప్పను. చెబితే ఆ కథ మాకు తెలుసంటారు. నేను చెప్పబోయేది ఆ కథ కాదు. ఇళ్ళు కట్టే ఒక బేల్దారి పనివాడు, ఇడ్లీలు అమ్మే అతని పెళ్ళాం, పూలమ్మే ఇంకొకామె, మధ్యలో బోలెడన్ని పాటలు. మొగుడు రెండిళ్ళ మధ్య పరిగెత్తుతూ పాడతాడు, పెళ్ళాం పిండి రుబ్బుతూ పాడుతుంది, చివరికి బస్సు కండక్టరు కూడా పాడతాడు. తెరమీద ఆ ఎర్రబస్సు కనపడగానే నేను డొక్కకు చెయ్యి అడ్డం పెట్టుకొని పక్కకు జరిగాను. తీరా చూస్తే పక్కన ఎవరూ లేరు. మా ఆయన లోపల గురక పెడుతున్నారు.

అలా జరగడం నాకు ఒకప్పటి పక్కింటి అక్క నేర్పిన అలవాటు. సినిమాలో నవ్వొచ్చే చోటికి కాస్త ముందు, పక్కన కూర్చున్నవాళ్ళ డొక్కలో మోచేత్తో పొడిచేది. "ఇంగ చూడు! ఇంగ చూడు!" అనేది. ఆమె పక్కన కూర్చుని సినిమా చూసి ఇంటికి వస్తే ఒళ్ళు నొప్పులకు వేడినీళ్ళు కాచుకోవలసిందే. అయినా ఆ చోటు కోసం మేము కొట్లాడుకునేవాళ్ళం.

ఆమెకు పేరు లేక కాదు. వీధిలో అందరూ అక్కా అనే పిలిచేవాళ్ళు, ఆమెకంటే పెద్దవాళ్ళు కూడా. నాకూ ఆ పిలుపే నోటికి వస్తుంది.

నేను ఉరవకొండ పక్క చేన్లలో శెనక్కాయలు పీకుతూ పెరిగినదాన్ని. పెళ్ళయ్యి కొత్తచెరువులో మగ్గాల వీధికి వచ్చాను. మా ఆయనకు శెనక్కాయల మిల్లులో పని, ఆ వీధిలో బాడుగ ఇల్లు. మా గోడకు ఆనుకొనే అక్కావాళ్ళ మగ్గం ఉండేది. వచ్చిన కొత్తలో పుట్టింటి మీద బెంగతో పెరట్లో కూర్చుని ఏడుస్తుంటే, గోడ మీదుగా ఒక తల పైకి లేచింది. పళ్ళ మధ్య పట్టుదారం కొస ఉంది.

"ఏమ్మే, ఏడుస్తాండావా? కండ్లు ఉబ్బితే సాయంత్రం సినిమా సరిగ్గా కనపడదు. లేచి మొగం కడుక్కో పో," అంది.

ఆ సాయంత్రం నన్ను టెంటుకు లాక్కుపోయింది. అంతే, మళ్ళీ నేను ఏడ్చిన గుర్తు లేదు.

అవి డెబ్బైల చివరి రోజులు. మా కరువు సీమలో టెంటు సినిమాకు ఒక సుఖం ఉండేది, వాన భయం లేదు. ఊరి బయట గుడ్డ కప్పు, కింద ఇసుక, మగవాళ్ళొక పక్క, ఆడవాళ్ళొక పక్క, మధ్యలో తడిక. ఒకటే మిషను కాబట్టి రీలు మార్చినప్పుడల్లా లైట్లు వెలిగేవి. ఆ సందులో మరమరాలమ్మే బొరుగులవాడు లోపలికి వచ్చేవాడు. ఏ సినిమా అయినా ముందు ధర్మవరంలో ఆడి, అరిగి, గీతలు పడి, మా దగ్గరికి చేరేసరికి ఏడాదైనా పట్టేది. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి. కొంప ముంచింది ఇదే.

అక్క ఏ సినిమానూ ఒకసారి చూసి వదిలేది కాదు. మొదటిరోజు నోరు తెరుచుకొని చంటిపిల్లలా చూసేది. రెండోరోజు పాటలు పట్టుకునేది. ఆ తర్వాత వెళ్ళేది కేవలం నవ్వడానికి. నవ్వంటే నవ్వు కాదు, ఇసుకలో అరచేత్తో దబదబ కొడుతూ, కొంగు నోట్లో కుక్కుకొని, అది చాలక పక్కవాళ్ళ తొడమీద కొట్టి మరీ నవ్వేది. తెరమీద వాడు ఇంకా నోరు తెరవకముందే ఆమె నవ్వు మొదలయ్యేది. దాని వెనకాల టెంటంతా నవ్వేది. ఆమె రాని రోజు ఆట చప్పగా ఉంటుందని టెంటు ఓనరు మనిషిని పంపి కనుక్కునేవాడు.

"ముందు నవ్వితే మాకేం తెలుస్తుంది అక్కా, రొంత ఆగొచ్చు కదా," అంటే, "ఆగదు మే. తెలిసిన చోటు వస్తాందంటే నవ్వు మనకంటే ముందు పరిగెత్తుతాది. సినిమా చూసినోళ్ళను నేను నవ్వులోనే కనుక్కుంటా," అనేది.

ఆమె మొగుణ్ణి నేను బావా అనేదాన్ని. మంచి పనివాడు. మాట మనిషి కాదు. రెండు పక్కలా పెద్ద అంచు వేసే పట్టుచీరకు మగ్గం మీద ఇద్దరుండాలి. అతను ఇటునుంచి దారమున్న నాడె విసిరితే, అటు కూర్చున్నామె అంచు నాడె అందుకోవాలి. అలా ఇద్దరూ పొద్దంతా పక్కపక్కనే కూర్చునేవాళ్ళు. పిల్లలు లేరు. ఇంట్లో వినపడేది మగ్గం చప్పుడు, ఆమె గొంతు. ఆ చప్పుడునే తాళం చేసుకొని ఉన్న సినిమా పాటలన్నీ పాడేది. మధ్యలో ఆపి వీధిలో వాళ్ళ నడకలూ మాటలూ అనుకరించేది. అతను తల వంచుకొని నేసుకుంటూ పోయేవాడు. టెంటుకు మాత్రం ఎన్నడూ వచ్చింది లేదు. "ఆడ ఏముండాది, బొమ్మలు," అనేవాడు.

మగ్గం మీంచి చీర దిగగానే అతను దాన్ని గుడ్డలో చుట్టుకొని ధర్మవరంలో సాహుకారుకు ఇచ్చి వచ్చేవాడు. ఒక ఏడాది ఆ రాక ఆలస్యం కావడం మొదలైంది. ఒకనాడు ఆమె కొళాయి దగ్గరికి బిందె కూడా తేకుండా పరిగెత్తుకొచ్చింది. నవ్వు ఆపుకోలేకపోతోంది.

"వినండి మే! నిన్న మీ బావ ఇంటికొస్తే ఒళ్ళంతా మల్లెపూల వాసన. ఏమయ్యా ఇది అంటే, బస్సులో ఒక ముసలామె పూలబుట్ట తెచ్చి ఈయన ఒళ్ళో పెట్టిందంట. దించడానికి చోటు లేదంట. దావంతా బిడ్డను ఎత్తుకున్నట్ల ఎత్తుకోని వచ్చినాడంట. బస్సులో వాళ్ళంతా ఏమప్పా పెండ్లికొడుకా అని ఒకటే ఎగతాళి!"

చెప్పి ఊరుకుంటే ఆమె ఎందుకవుతుంది? కొళాయి గట్టుమీద కూర్చుని, ఒకరి బిందె లాక్కొని ఒళ్ళో పెట్టుకొని, తలొంచుకొని బిక్కమొహం వేసి బావలా కూర్చుంది. మేము నీళ్ళ వరస మరిచిపోయి నవ్వాం. ఆ వేషం ఆ ఏడాది ఆమెతో ఎన్నిసార్లు వేయించుకున్నామో. తర్వాత ఇంకొకటి వచ్చింది. సాహుకారుకు కడుపునొప్పి వచ్చి బావ చెయ్యి పట్టుకొని తెల్లారేదాకా వదల్లేదట. ఆ తర్వాత ముదిగుబ్బ దగ్గర గొర్రెల మంద బస్సుకు అడ్డం వచ్చి కదల్లేదట. ధర్మవరం నుంచి వచ్చే బస్సు ముదిగుబ్బకు ఎందుకు పోయిందని నేను అడిగాను. "మీ బావకు దావ గూడా సరిగ్గా తెల్దు మే, ఏం మనిషో!" అని దానికీ నవ్వింది. మాట రాని మొగుడు ఇన్నాళ్ళకు నోరు విప్పి కబుర్లు చెబుతున్నాడని ఆమెకు మురిపెం.

అదుగో, అప్పుడు వచ్చింది ఆ సినిమా మా టెంటుకు.

మొదటి ఆటకే వీధి వీధంతా వెళ్ళాం. అక్క ఎప్పటిలా నోరు తెరుచుకొని చూస్తోంది. బేల్దారివాడు పూలామె ఇంటినుంచి తన ఇంటికి వచ్చాడు. పెళ్ళాం ముక్కు ఎగబీల్చి, ఈ వాసనేమిటని నిలదీసింది. వాడు తడుముకోకుండా, బస్సులో ఒక ముసలావిడ తన ఒళ్ళో పూలబుట్ట పెట్టిందన్నాడు. వెంటనే పాట. ఎర్రబస్సు, ఒళ్ళో బుట్ట, బస్సులో జనమంతా ఔనౌనని సాక్ష్యం చెబుతూ కోరస్. తడిక అవతల మగవాళ్ళు పగలబడి నవ్వుతున్నారు. ఇవతల ఒక్కరూ నవ్వలేదు. కొళాయి దగ్గర ఆ వేషం చూడనివాళ్ళు మాలో ఎవరున్నారు? తెరమీది వెలుతురులో తలలన్నీ ఒకటొకటిగా అక్క వైపు తిరిగాయి. కాసేపటికి తెరమీద వాడి మేస్త్రీకి కడుపునొప్పి వచ్చింది. ఆ తర్వాత గొర్రెలు కూడా వచ్చాయి.

రీలు అయిపోయి లైట్లు వెలిగాయి. ఆ వెలుతురులో అందరం ఆమెను చూస్తూ, చూడనట్టు బొరుగులవాణ్ణి పిలుస్తూ, అదొక నరకం. ఆమె ఇసుకలో వేలితో గీతలు గీసింది. తర్వాత తలెత్తి మా అందరినీ ఒకసారి కలియజూసింది.

"ఏమట్ల చూస్తారు? మా ఆయన ఈ సినిమా ధర్మవరంలో ముందే చూసినాడు. నాకు చెప్పకుండా చూసినాడు. అదే నా కోపం," అంది.

సినిమా చూసినంత మాత్రాన తప్పేముంది అని నాకు నేను చెప్పుకోబోయాను. కానీ మాటలు సినిమావే అయినా, పూల వాసన సినిమాది కాదు కదా.

మర్నాడు మగ్గం మీద ఆమె అడగడం గోడ ఇవతల నాకు వినపడింది. "టెంటులో మంచి సినిమా వచ్చింది. నువ్వు చూసినావా?" అంటే, "నేనా? నేను యాడ చూస్తా? నేను సినిమాలకు పోయేదేమన్నా ఉండాదా?" అన్నాడు బావ. "అయితే ఈ పొద్దు రా," అంది. కాదంటే అనుమానం వస్తుందనుకున్నాడేమో, వచ్చాడు. తడిక అవతల మగవాళ్ళతో కూర్చున్నాడు. ఇవతల అక్క మా అందరికీ ఒక్కటే చెప్పింది. "ఈ పొద్దు ఎవరూ నవ్వద్దండి. నేను గూడా నవ్వను. గమ్మునుండి వినండి."

ఆడవాళ్ళ పక్క అంత నిశ్శబ్దం ఆ టెంటు ఎప్పుడూ ఎరగదు. తెరమీద ఎర్రబస్సు వచ్చింది. ముసలామె బుట్ట ఎత్తింది. కండక్టరు ఇంకా నోరు తెరవలేదు. తడిక అవతల, అందరికంటే ముందు, ఎవరో ఒక్కరే నవ్వారు. ఎక్కిళ్ళలా ఆగి ఆగి వచ్చే నవ్వు. పాపం, బావ ఆపుకోవాలనే చూసినట్టున్నాడు. ఆ తర్వాత కండక్టరు పాడాడు, మగవాళ్ళంతా నవ్వారు.

అక్క నా చెయ్యి పట్టుకుంది. ఆమె కళ్ళనుంచి నీళ్ళు కారడం చూశాను. చూసి నేను భయపడ్డాను. మా వీధికి ఆమె నవ్వు ఒక ఆసరా అని అప్పటిదాకా నాకు తెలియదు.

"పెండ్లయినప్పట్నుంచి నా పక్కన కూర్చోని ఒక్క సినిమాకు నవ్వింది లేదు మే," అంది గొంతు తగ్గించి. "ఎవరి పక్కనో కూర్చోని ఇదే చోట నవ్వింటాడు. నాకు అదీ బాధ. ఆ నవ్వు నాది కాకపాయె."

ఆ రోజునుంచి మగ్గం ఆగిపోయింది. సగం నేసిన చీర దాని మీదే ఉండిపోయింది. బావ ఒక్కడే కూర్చుని కాసేపు దారాలు సవరించేవాడు, లేచిపోయేవాడు. "అంచు పట్టడానికి దాన్నే పిలుచుకోరాపో," అని అక్క ఒక్క మాట అని, తర్వాత అదీ మానేసింది. పెద్దమనుషులు పంచాయితీ చేస్తామని వచ్చారు. "మీరు చేసేదేం లేదు, కాఫీ తాగి పోండి," అని పంపేసింది. సినిమా చివర ఆ ఇడ్లీలామె మొగుణ్ణి పాట అయిపోయేలోగా క్షమించేసింది కదా, దాని మీద మాత్రం ఆమెకు పట్టరాని కోపం. "అంత బిన్నా ఎట్ల మన్నించింది మే అది? ఏం తిక్కదా?" అని నన్నే నిలదీసేది, ఆ సినిమా నేను తీసినట్టు.

చివరికి ముదిగుబ్బలో ఉన్న తమ్ముడికి కబురు పెట్టింది. అతను వచ్చి బస్టాండులో కూర్చున్నాడు. ఆమె సంచి సర్దుకొని గడప దగ్గర పెట్టుకుంది. నన్ను పిలిచి తన మిగిలిపోయిన దారపు కండెలు నాకు అప్పగిస్తోంది. అప్పుడు బావ లోపలికి వచ్చి, ఉన్నట్టుండి దబ్బున ఆమె కాళ్ళ మీద పడ్డాడు. నేను గుడ్డివాణ్ణి అన్నాడు. నా కళ్ళు తెరిపించిన దేవతవు నువ్వేనన్నాడు. ఈ ఇంటి దీపం ఆరిపోతే నాకు చీకటే గతి అన్నాడు. సినిమా చివరి సీను. యాస కూడా మార్చలేదు.

నేను లేచి పోబోతే అక్క నా మణికట్టు పట్టుకొని లాగి కూర్చోబెట్టింది. "కూర్చో. సినిమాలో బస్సుకు బస్సే సాక్షికి వచ్చింది. నాకు ఒక్కరన్నా వద్దా?" అని అతని వైపు తిరిగింది.

"లెయ్. ఇది గూడా అందులోదే. నీ మాట ఒకటి చెప్పయ్యా. మంచిదో చెడ్డదో, నీది. చెప్తే ఉంటా. లేదంటే నా తమ్ముడు బస్టాండులో కాచుకోనుండాడు."

బావ లేచి మగ్గం గుంట అంచున కూర్చున్నాడు. ఎంతసేపు కూర్చున్నాడో. బస్సు హారను కూడా వినపడింది. ఇక అయిపోయింది అనుకున్నాను.

"నువ్వు నవ్విస్తావు," అన్నాడు చివరికి, నేలను చూస్తూ. "ఊరంతా నీ మాటకు నవ్వుతాది. నేను నోరు తెరిస్తే ఎవరూ నవ్వరు. నువ్వు గూడా నవ్వవు. ఆమె నవ్వె. నాకు బాగుండె. తప్పే, తప్పు కాదని అనను." తెగిన దారం ఒకటి వేలికి చుట్టుకున్నాడు. "ఆ పొద్దు పూలబుట్ట మాట చెప్తే నువ్వు ఎంత నవ్వితివి! నేను చెప్పిన మాటకు నువ్వు నవ్వింది అదే మొదలు. నేను చెప్పింది అబద్ధమని గూడా మర్చిపోతి. ఇంగొకటి చెప్దామనిపించె. నా దగ్గర ఏముండాయి? సినిమాలోనివే చెప్తి."

అక్కకు పళ్ళతో దారం కొరికే అలవాటు కదా, ఉత్తి పెదవినే కొరుక్కుంది. ఆ మనిషి మీద నాకు అప్పటిదాకా ఉన్న కోపం ఎటు పోయిందో తెలియలేదు. పూర్తిగా పోలేదు లెండి, కొంచెం ఇప్పటికీ ఉంది.

"ఆమె ఏం చేస్తాది?" అంది అక్క.

"ధర్మవరంలో కండెలు చుడతాది."

"ఇంగ చీరలు నేను తీసకపోతా. సాహుకారుతో నేనే మాట్లాడుకుంటా. నువ్వు ఈడ్నే ఉండు," అంది. తర్వాత నాతో, "మే, నువ్వు బస్టాండుకు పోయి తమ్మునికి చెప్పు, వచ్చి అన్నం తిని పొమ్మని. పాపం పొద్దున్నుంచి ఆడ్నే కూర్చున్నాడు," అంది.

సినిమాలోలా పాటతో ఏమీ ముగియలేదు. ఆమె మగ్గం మీద కూర్చుంది, అంచు నాడె అందుకుంది, అంతే. మిగిలిన సగం చీర ఒక్క మాట లేకుండా నేశారు. ఆ చీర ఎవరో పెళ్ళికూతురు కట్టుకొని ఉంటుంది. బాగుంటే చాలు అని నేను లోలోపల దండం పెట్టుకున్నాను. చీర గుడ్డలో చుట్టుకొని ఆమె ధర్మవరం పోయింది. ఆ కండెలు చుట్టే ఆమెను చూసిందో లేదో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. పొద్దుగూకినా రాలేదు. బావ వీధిలోకీ ఇంట్లోకీ తిరుగుతున్నాడు. నాకూ కాలు నిలవలేదు. చివరికి ఆమె వచ్చిన అలికిడి అయ్యింది. నేను సిగ్గులేకుండా గోడకు చెవి ఆనించాను.

"ఏం ఇంత లేటాయె?" అన్నాడు బావ.

సంచి దించిన చప్పుడయింది.

"ఏం చెప్పేది? బస్సులో నా ఒళ్ళో పూలబుట్ట పెట్టినారు," అంది అక్క.

ముందు ఆమె నవ్వింది. ఎన్నాళ్ళకో విన్నాను ఆ నవ్వు. వెనకాలే ఎక్కిళ్ళలా అతను నవ్వాడు. మర్నాడు మగ్గం మీద పాట కూడా వినపడింది.

తర్వాత బావ టెంటుకు రావడం మొదలుపెట్టాడు. తడిక అవతల కూర్చునేవాడు. ఇవతల అక్క నవ్వేది, ఆ వెంటనే అవతల అతను నవ్వేవాడు. ఎన్ని సినిమాలు చూసినా ఆ వరస తప్పలేదు. మేము చెవులు రిక్కించి అతని నవ్వు కోసం కాచుకునేవాళ్ళం. ఎనభైల్లో మా ఆయనకు అనంతపురంలో పని దొరికి మేము ఆ ఊరు వదిలేశాం. కొన్నాళ్ళకు ఆ టెంటూ ఎత్తేశారన్నారు. కలిసినప్పుడల్లా అక్క నా డొక్కలో పొడిచి పలకరించేది. పోయిన ఏడాది ఆమె పోయింది. వెళ్ళి చూసి వచ్చాను. ఏడుపు రాలేదు. మొగం కడుక్కో పో అని ఆమె ఎక్కడ అంటుందోనని.

మొన్న టీవీలో ఆ ఎర్రబస్సు కనపడగానే బావకు ఫోను చేశాను.

"బావా, టీవీ చూస్తాండావా?"

"చూస్తాండా మ్మా," అన్నాడు. అతని వెనక అదే పాట మొదటి మోత వినపడుతోంది.

ఇద్దరం ఫోను పెట్టేయలేదు. ముసలామె బుట్ట ఎత్తింది. బేల్దారివాడి ఒళ్ళో పెట్టింది. నేను నా నవ్వు బిగబట్టుకొని, ఆ ఎక్కిళ్ళ నవ్వు కోసం ఎదురుచూశాను. రాలేదు. కండక్టరు పాడాడు, బస్సంతా పాడింది, పాట అయిపోయింది.

"ఏం బావా, నవ్వలేదే?" అన్నాను.

"మీ అక్క ముందు నవ్వుతాది గదా మ్మా," అన్నాడు. "కాచుకోని కూర్చున్యా."